ముక్కుకెక్కే ఘాటు: వసాబి ట్యూబూ, మన ఆవపిండీ

(బెంగళూరు జయనగర్‌లో తెలుగు కుటుంబాల కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్నవాళ్లు కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకుంటే మంచిదండీ. ఎందుకో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఈ బల్ల మీద రెండు గిన్నెలున్నాయి. ఒక్కోదాంట్లో ఒక చెంచా ఆవపిండి. నల్ల ఆవాలే, ఇందాకే పొడి కొట్టాం. ఎవరైనా వచ్చి వాసన చూడండి... ఏముంది? పచ్చిగింజ వాసన, అంతే. ఘాటు లేదు. ఇప్పుడు మొదటి గిన్నెలో రెండు చెంచాల చల్లనీళ్లు పోస్తున్నాను. రెండో గిన్నెలో ఫ్లాస్కులోంచి సలసల కాగిన నీళ్లు, అవీ రెండు చెంచాలే. కలిపి రెండిటికీ మూతలు పెట్టేశాను. పది నిమిషాలు వాటి మానాన వాటిని వదిలేద్దాం.

జపాన్ వాళ్లు నంజుకునే ఘాటు ముద్ద వసాబి గురించి చెప్తానని పిలిచి ఆవపిండి కలుపుతున్నారేమిటి అని మీకు అనిపిస్తూ ఉంటుంది. బెంగళూరు సూపర్ మార్కెట్లలో వసాబి పేరుతో దొరికే ఆకుపచ్చ ముద్దల్లో చాలావాటిలో ఉన్నది ఇదే కాబట్టి. ఆవపిండి, హార్స్‌రాడిష్ అనే యూరప్ దుంప పొడి, కొంచెం పిండి, ఉప్పు, రంగు. అసలు వసాబి చిటికెడుంటే ఉంటుంది, లేకపోతే లేదు. మోసం అని కోప్పడక్కర్లేదు, జపాన్‌లో అమ్మే చవక ట్యూబుల్లోనూ ఇదే సంగతి.

అసలు వసాబి ఎలా ఉంటుందో చూద్దాం. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ, హార్స్‌రాడిష్... ఇవన్నీ ఏ కుటుంబమో వసాబీ ఆ కుటుంబమే. జపాన్ కొండ వాగుల ఒడ్డున, నీడపట్టున పెరుగుతుంది. మనం తినేది నేలలోని వేరు కాదు, ఆకులు రాలిపోయిన మచ్చలతో గరుగ్గా, ఆకుపచ్చగా ఉండే లావుపాటి కాండం. చామదుంపను సన్నగా, పొడవుగా సాగదీసినట్టుంటుంది. దానికి ఏడాది పొడుగునా చల్లగా, తేటగా పారే నీళ్లు కావాలి. 10 నుంచి 15 డిగ్రీల మధ్య అయితే సంతోషంగా ఉంటుంది. నీళ్లు వేడెక్కితే కుళ్లిపోతుంది. కోతకు రావడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు దాటుతుంది. షిజుఓకా, నాగానో ప్రాంతాలు దీనికి పేరుపడ్డవి. షిజుఓకాలో వాగునీటిని మెట్లమెట్లుగా రాళ్ల మళ్లలోకి మళ్లించి పెంచే పాత పద్ధతిని 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో చేర్చింది. ఇన్ని గొంతెమ్మ కోరికలున్న పంట చవగ్గా దొరకదు కదా. అందుకే నకలు పుట్టింది.

కాబట్టి డబ్బా చేతికి తీసుకోగానే ముందువైపు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువుంటే అది ముందు రాస్తారు. హార్స్‌రాడిష్ మొదట ఉండి వసాబి ఎక్కడో చివర, రంగుల పక్కన ఉందనుకోండి, అర్థమైపోయింది. ఆకుపచ్చ రంగు సాధారణంగా రెండు రంగుల కలయిక: ఐఎన్‌ఎస్ (ఆహారంలో కలిపేవాటికి ఇచ్చే అంతర్జాతీయ నంబరు) 102 అంటే టార్ట్రజైన్, పసుపు, ఐఎన్‌ఎస్ 133 అంటే బ్రిలియంట్ బ్లూ, నీలం. టార్ట్రజైన్ కొంతమందికి దద్దుర్లు తెస్తుంది, ముఖ్యంగా ఆస్పిరిన్ పడనివాళ్లు చూసుకోవాలి. జపాన్ నుంచి వచ్చిన ట్యూబైతే ఇంకో గుర్తుంది. అక్కడి తయారీదారులు పెట్టుకున్న నియమం ప్రకారం "హోన్ వసాబి షియో" అని రాసి ఉంటే వాడిన వసాబి, హార్స్‌రాడిష్ కలిపిన మొత్తంలో సగం, అంతకు మించి అసలు వసాబి. "హోన్ వసాబి ఇరి" అంటే అసలుది ఉంది గానీ సగంకన్నా తక్కువ. అమ్మేవాళ్లను ఆ అక్షరాలు చదివించుకుని కొనండి.

ఆవ పడనివాళ్లు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆవకాయ మానేసి, వసాబి వేరే కదా అని తింటే అందులో ఉన్నది ఆవే కావచ్చు.

సరే, పది నిమిషాలు కావచ్చింది. ఎవరొస్తారు? రండమ్మా. ముందు వేణ్నీళ్ల గిన్నె... ఏమనిపిస్తోంది? ఉడికిన వాసన. వేలితో ఒక్క రవ్వ నాలుక మీద పెట్టుకోండి. చేదు కదా. ఇప్పుడు చల్లనీళ్ల గిన్నె మూత తీస్తున్నాను, ముఖం మరీ దగ్గరగా పెట్టకండి. (సభలో నవ్వులు, దగ్గులు) ఇదిగో, నడినెత్తికెక్కింది. ముందు వరసను జరగమన్నది ఇందుకే.

పిండి ఒకటే, నీళ్ల కొలతా ఒకటే. వేడి ఒక్కటే తేడా. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక అరలో ఉంటుంది. మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరే అరలో ఉంటుంది. గింజ నలిగి, తడి తగిలినప్పుడు రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టేదే అల్లైల్ ఐసోథయోసయనేట్. నూనెలాంటిది, ఇట్టే ఆవిరవుతుంది. ఆ ఆవిరి గొంతు వెనకనుంచి ముక్కులోకి పోతుంది. మిరపకాయ మంట నాలుక మీద కూర్చుని అరగంట వదలదు, ఆవ ఘాటు ముక్కులోకి దూసుకెళ్లి నిమిషంలో దిగిపోతుంది. ఆ తేడా ఇక్కడి నుంచే వచ్చింది. ఈ ఘాట్లను శరీరంలో పట్టుకునే తలుపులు, అంటే నరాల మీది గ్రాహకాలు, కూడా వేరు: మిరపది టీఆర్‌పీవీ1, ఆవదీ వసాబిదీ టీఆర్‌పీఏ1.

మరుగునీళ్లు పడ్డ గిన్నెలో ఎంజైమ్ పని మొదలుపెట్టకముందే చచ్చిపోయింది. అందుకే చేదు మాత్రం మిగిలింది. ఇది మీ ఇళ్లల్లో కొత్త విషయమేమీ కాదు. పనసపొట్టు కూరకో, అరటికాయ కూరకో ఆవ ఎప్పుడు పెడతారు? పొయ్యి మీంచి దించి, కూర కాస్త చల్లారాక. ఉడుకుతుండగా పెడితే "ఆవ చచ్చింది" అంటారు. ఎంజైమ్ అన్న మాట పుట్టకముందే మన ఆడవాళ్లకు ఆ సంగతి చేతికి తెలుసు. మిక్సీలో ఆవ రుబ్బితే చేదొచ్చిందని గోల పెడుతుంటారు కదా, అక్కడా అదే కారణం, జారు వేడెక్కడం. చల్లనీళ్లు పోసి, ఐదేసి సెకన్లు ఆపి ఆపి తిప్పండి.

వసాబిలోనూ హార్స్‌రాడిష్‌లోనూ ఉన్నది ఇదే సినిగ్రిన్, పుట్టే ఘాటూ ఇదే. అసలు వసాబిలో దీనితోపాటు ఇంకో రకం ఐసోథయోసయనేట్లు కొన్ని ఉంటాయి. పచ్చి ఆకు వాసన, చివర్లో చిన్న తీపి వాటివల్లే. తెల్ల ఆవాల సంగతి మటుకు వేరు. వాటిలో ఉండేది సినాల్బిన్. దాన్నుంచి వచ్చే ఘాటు ఆవిరి కాదు, నాలుక మీదే చురుక్కుమంటుంది, ముక్కుకు ఎక్కదు.

వసాబి పొడి డబ్బా కొన్నవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కొలత రాసుకోండి. ఒక చెంచా పొడికి ఒక చెంచా చల్లనీళ్లు. ముద్ద మరీ బిగిస్తే ఇంకో పావు చెంచా. చపాతీ పిండంత గట్టిగా రావాలి. చిన్న గిన్నెలో అడుక్కి అదిమి, గిన్నెను పళ్లెం మీద బోర్లించేయండి. పుట్టిన ఘాటు గాలికి పోకుండా లోపలే ఉంటుంది, ముద్ద మీద ఎండుపొరా కట్టదు. పది నిమిషాలాగండి. ఆ తర్వాత అరగంటలోపు తినేయాలి. నిమ్మరసం గాని వెనిగర్ గాని ముందే పోయకండి, పులుపు తగిలితే ఎంజైమ్ మందగిస్తుంది. పది నిమిషాలయ్యాక పోస్తే పరవాలేదు. పొడి కలిపిన వెంటనే రుచి చూసి, ఘాటు లేదని ఇంకో చెంచా వేసేవాళ్లుంటారు. పది నిమిషాలు పోయాక వాళ్ల పరిస్థితి చెప్పనక్కర్లేదు.

తాజా కాండం దొరికితే పీచు, మచ్చలు గీకేసి, ఆకులున్న వైపు నుంచి సన్నగా అరగదీయాలి. జపాన్‌లో సొరచేప తోలు అతికించిన చెక్క మీద గుండ్రంగా తిప్పుతూ అరగదీస్తారు. మనింట్లో కొబ్బరి కోరు, క్యారెట్ తురిమే పీట దీనికి పనికిరావు. తురుము పెద్దదైతే కణాలు నలగవు, నలగకపోతే ఘాటు పుట్టదు. పింగాణీతో చేసిన సన్నపళ్ల అరగదీసే పలక దొరుకుతుంది, అది నయం. అరగదీశాక ఐదు నిమిషాలకు మంచి పట్టు మీద ఉంటుంది, పదిహేను ఇరవై నిమిషాలకు దిగిపోతుంది. కాబట్టి తినేంతే తీసుకోవాలి. మిగిలిన కాండాన్ని తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, గుడ్డను రోజూ తడుపుతుండాలి.

పోషకాల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చెప్పుకోవాల్సింది తక్కువ. 100 గ్రాముల పచ్చి వసాబిలో సుమారు 109 క్యాలరీలు, పీచు దాదాపు 8 గ్రాములు, ప్రొటీన్ 5 గ్రాముల లోపు, విటమిన్ సి 42 మిల్లీగ్రాములు, క్యాల్షియం 128, పొటాషియం 568 మిల్లీగ్రాములు. కాగితం మీద బాగానే ఉంది. తినేదెంత? ఒక పూటకు మహా అయితే చెంచా, అంటే 5 గ్రాములు. ఆ లెక్కన విటమిన్ సి వచ్చేది 2 మిల్లీగ్రాములు. ఒక్క ఉసిరికాయ ముందు అదెంత! పోషకాల కోసం వసాబి తినడమంటే దాహానికి మంచుబిందువులు నాకడమే.

ట్యూబు ముద్దలో లెక్క ఇంకోలా ఉంటుంది. ఉప్పు, నూనె, తీపి కోసం సార్బిటాల్ కలుపుతారు. లేబుల్ మీద 100 గ్రాములకు 3000 మిల్లీగ్రాముల సోడియం అని ఉందనుకోండి, 5 గ్రాముల్లో 150 వస్తుంది. దాని పక్కన సోయా సాస్ కూడా ఉంటుంది కదా, ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో 900 దాకా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు వసాబిని తిట్టక్కర్లేదు, సాస్ గిన్నెను దూరం జరపండి. ఇక వసాబి బఠాణీలు, వసాబి వేరుశనగలు... అవి మిక్చర్ జాతి. ఒక గుప్పెడు, అంటే 30 గ్రాములు, సుమారు 130 క్యాలరీలు. కారప్పూసకు ఏ నియమం పెట్టుకున్నారో దీనికీ అదే.

జ్ఞాపకశక్తికి వసాబి మంచిదని వాట్సాప్‌లో తిరుగుతోంది. దాని వెనక 2023లో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన అధ్యయనం ఉంది. 60 నుంచి 80 ఏళ్ల వయసున్న 72 మందిలో కొందరికి 12 వారాలపాటు అసలు వసాబి సారం మాత్రలిచ్చారు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్రలు. జ్ఞాపక పరీక్షల్లో కొన్నింటిలో మాత్ర వేసుకున్నవాళ్లు మెరుగయ్యారు. అందులో పనిచేసిన పదార్థం అసలు వసాబిది. హార్స్‌రాడిష్, ఆవపిండి ముద్దకు ఆ పుణ్యం అంటదు. 72 మందితో తేలేది కూడా అంతంతే.

ఇప్పుడు ఆయుర్వేదం. ముందే చెప్పేస్తున్నాను: ఆయుర్వేద గ్రంథాలు రాసిన చరకుడు గాని, సుశ్రుతుడు గాని, వాగ్భటుడు గాని వసాబిని ఎరగరు. వసాబి మీద శ్లోకం ఉందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మరి దాన్ని ఎక్కడ పెట్టాలి? పుస్తకంలో లేని ద్రవ్యాన్ని కూడా రసం (రుచి), గుణం, వీర్యం (వేడి చేస్తుందా, చలవ చేస్తుందా), విపాకం (అరిగాక మిగిలే రుచి) చూసి అంచనా కట్టే దారి శాస్త్రంలోనే ఉంది. దాని చుట్టాలు మనకు తెలిసినవే. సర్షపం, అంటే ఆవ. మూలకం, అంటే ముల్లంగి. ఆవ కటురసం, ఉష్ణవీర్యం, తీక్ష్ణం. కఫాన్నీ వాతాన్నీ తగ్గిస్తుంది, పిత్తాన్ని రేపుతుంది. ఒక మాట సరిచూసుకోండి, తెలుగులో మనం కటువు అంటే చేదు అనో కఠినం అనో అనుకుంటాం. ఆయుర్వేదంలో కటు అంటే కారం, ఘాటు. చేదును తిక్తం అంటారు.

చరకసంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో కటురసం పనులు చెప్తూ, నోటిని శుభ్రం చేస్తుంది, అగ్నిని రగిలిస్తుంది, ముక్కు కారేలా చేస్తుంది, కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది, ఇంద్రియాలకు చురుకు పుట్టిస్తుంది అన్నారు. ఇందాక ఆ గిన్నె దగ్గరకొచ్చిన అమ్మగారి ముఖం చూశారు కదా, వరసగా ఇవే జరిగాయి! వాగ్భటుడైతే నాలుక చివర చిమచిమలాడటాన్ని అదే ధ్వనితో చెప్పాడు. అదే కటువు మోతాదు మించితే ఏమవుతుందో కూడా అక్కడే ఉంది: దప్పిక, మంట, తల తిరగడం, నీరసం.

ఈ లెక్కన వసాబి ఎవరికి? ఆకలి మందగించి, నోరు జిగటగా ఉండి, చల్లటి వాతావరణంలో తల బరువెక్కే కఫతత్వం వాళ్లకు బాగానే పడుతుంది. మన బెంగళూరులో జనవరి నుంచి మార్చి దాకా మంచి అదను. ఏప్రిల్, మే ఎండల్లో తగ్గించండి, గ్రీష్మంలో ఉప్పు, పులుపు, కారం తగ్గించమనే చెప్పారు. శరదృతువులో, అంటే ఆశ్వయుజ కార్తీకాల్లో, పిత్తం పైకి లేచే కాలం, అప్పుడూ అంతే. ఎసిడిటీ, అల్సర్, మొలలు, ముక్కులోంచి రక్తం కారే అలవాటు ఉన్నవాళ్లు ఏ కాలంలోనూ పెట్టుకోవద్దు. ఇక్కడ అల్లోపతి డాక్టరూ ఆయుర్వేద వైద్యుడూ గొడవ పడరు.

జపాన్ వాళ్లు దీన్ని దేనితో తింటారో గమనించండి. చల్లటి అన్నం, చల్లటి పచ్చిచేప, చల్లటి సోబా నూడుల్స్. అన్నీ శీతం, గురువు, అంటే చల్లనివి, అరగడానికి బరువైనవి. వాటి పక్కన ఘాటైన వసాబి, అల్లం ఊరగాయ. మనం పెరుగు పచ్చడికి ఆవ పెట్టడమూ, కన్నడంవాళ్లు సాసివె చేసేటప్పుడు కొబ్బరీ పచ్చి ఆవాలూ రుబ్బి మజ్జిగలో కలపడమూ ఇదే తూకం. కాబట్టి వసాబిని మన ఇంట్లో పెట్టాలంటే ఆవ ఎక్కడ కూర్చుంటుందో అక్కడే కూర్చోబెట్టండి. ఉదాహరణకు, చిలికిన పెరుగు ఒక కప్పు, కీరా ముక్కలు ఒక కప్పు, ఉప్పు. అందులో పది నిమిషాలు బోర్లించి ఉంచిన వసాబి ముద్ద పావు చెంచా, ముందు ఒక చెంచా పెరుగులో మెదిపి తర్వాత మొత్తంలో కలపాలి. నేరుగా వేస్తే ఉండగానే ఉండిపోయి, ఎవరో ఒకరి పళ్లెంలో బాంబులా పేలుతుంది. దీనికి పోపు అక్కర్లేదు. పెట్టాలనుకుంటే పోపు పూర్తిగా చల్లారాకే కలపండి. మధ్యాహ్నం తినండి, రాత్రి పెరుగు వద్దన్న మాట మీకు తెలిసిందే.

పాలతో మాత్రం వద్దు. ముల్లంగి, వెల్లుల్లి, మునగ తిన్నాక పాలు తాగడం విరుద్ధాహారమని చరకంలో ఉంది. చేపతో పాలు సరేసరి. వసాబి ముల్లంగికి చుట్టం కాబట్టి అదే వరసలో పెడుతున్నాం. ఆ లెక్కన చేప మీద పోసే వసాబి క్రీమ్ సాస్ రెండు విధాలా విరుద్ధం.

నెయ్యి సంగతి వేరు. ఆవకాయ అన్నంలో నెయ్యి ఎందుకు? పిత్తాన్ని చల్లబరుస్తుంది అంటుంది ఆయుర్వేదం. ఘాటు నూనెలో కరిగే పదార్థం కాబట్టి కొవ్వు దాన్ని పట్టుకుని మెల్లగా వదులుతుంది అంటుంది రసాయనశాస్త్రం. వసాబి మయోనైజ్‌లో ఘాటు తక్కువగా అనిపించేదీ అందుకే.

మోతాదు? శనగగింజంత. ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. ఇజ్రాయెల్‌లో ఒక పెళ్లివిందులో 60 ఏళ్ల ఆవిడ అవకాడో అనుకుని ఒక చెంచా వసాబి నోట్లో పెట్టుకుంది. ఛాతీలో ఒత్తిడి మొదలై, మర్నాడు ఆసుపత్రికి వెళితే తకోత్సుబో అనే గుండె సమస్య అని తేల్చారు. గుండె కండరం తాత్కాలికంగా పట్టు తప్పే జబ్బు అది. తర్వాత కోలుకుంది. 2019లో వైద్య పత్రికలో వచ్చిన కేసు. అరుదే, కానీ గుండెజబ్బున్నవాళ్లు పందేలు కట్టి తినకండి. ఘాటెక్కినప్పుడు ముక్కుతో కాకుండా నోటితో ఊపిరి వదలండి, ఉత్త అన్నం ముద్ద ఒకటి నమలండి. నీళ్లకు అది కడుక్కుపోదు.

ఒక చిన్న సరదా సంగతి. జపనీయులు మన మునగచెట్టును ఏమంటారో తెలుసా? "వసాబి నో కి", అంటే వసాబి చెట్టు! ఇంగ్లీషువాళ్లు దాన్నే హార్స్‌రాడిష్ చెట్టు అన్నారు. లేత మునగ వేరు నలిపితే అచ్చం ఆ ఘాటే వస్తుంది, ఈ దేశంలో ఉన్న తెల్లదొరలు దాన్ని అరగదీసి మాంసంలో నంజుకునేవాళ్లు. ఇది విని పెరట్లో వేరు తవ్వకండి. వేరు బెరడులో హాని చేసే ఆల్కలాయిడ్లుంటాయి. కాయ, ఆకు తినండి చాలు.

ప్రశ్నలు అడగండి.

(ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లల్లో వసాబి వాడొచ్చా అని ఒకరు అడిగారు.)

అందులో ఉల్లి జాతి ఏమీ లేదు కాబట్టి ఆ నియమానికి అడ్డు రాదండీ. కానీ గీత 17వ అధ్యాయంలో కటువు, మిక్కిలి ఉష్ణం, తీక్ష్ణం అయిన ఆహారాన్ని రాజసంలో వేశారు. ఆవకాయ తింటున్న ఇంట్లో దీనికి ప్రత్యేకంగా అభ్యంతరం ఉండక్కర్లేదు. డబ్బా మీద పచ్చచుక్క ఉందో లేదో మాత్రం చూడండి, వసాబి రుచి స్నాక్స్‌లో కొన్నింట్లో చేప పొడి కలుస్తుంది.

(థైరాయిడ్ మందు వేసుకుంటున్నవాళ్ల సంగతేమిటని ఇంకొకరు.)

ఈ కుటుంబం కూరలన్నిటి మీదా థైరాయిడ్ పనికి అడ్డు పడతాయన్న అనుమానం ఉంది. పచ్చివి, బోలెడన్ని, అయోడిన్ తక్కువగా తీసుకునేవాళ్లు తింటేనే చిక్కు. అయోడిన్ ఉప్పు వాడుతూ శనగగింజంత తింటే భయం లేదు. రోజూ పరగడుపున క్యాబేజీ రసం తాగే అలవాటుంటే మాత్రం ముందు దాని గురించి డాక్టరును అడగండి.

(ఫ్రిజ్‌లో తెరిచిన ట్యూబు ఏడాదిగా ఉందని, తినొచ్చా అని వెనక వరస నుంచి.)

మీరే చెప్పారు, ఏడాది అని! మూత తీసి వాసన చూడండి. ముక్కుకు ఎక్కలేదంటే ఘాటు ఎప్పుడో ఎగిరిపోయింది, మిగిలింది ఉప్పూ రంగూ. పారేయండి. ఇంటికెళ్లి ఒక చెంచా ఆవాలు పొడి కొట్టి, చల్లనీళ్లతో కలిపి, గిన్నె బోర్లించి పది నిమిషాలాగండి. ఆ ట్యూబులో కొత్తప్పుడు ఉన్న ఘాటు చాలావరకు అందులోనే ఉంటుంది. ఆకుపచ్చగా ఉండదు, అంతే.